అది టెలిస్కోప్ ఫోటో కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న సైన్స్ పేజీలో ఊదా రంగులో సాలెగూడులా మెరిసే బొమ్మ వేసి కింద టెలిస్కోప్‌కి చిక్కిన డార్క్ మ్యాటర్ అని రాశారు, మావాడు దాన్ని కత్తిరించి గోడకి అంటించుకున్నాడు కూడా, కానీ డార్క్ మ్యాటర్ అంటే గ్రావిటీతో లాగడం వల్లే ఉందని తెలిసే పదార్థం, అది వెలుగే ఇవ్వదు, వెలుగుని ఆపదు, మరి ఫోటో ఎలా తీస్తారండీ? అది 2005లో వచ్చిన మిలీనియం సిమ్యులేషన్ బొమ్మ, అంటే విశ్వం ఎలా పెరిగిందో కంప్యూటర్‌లో లెక్కేసి గీసింది, ఆ రంగు కూడా మనకి కనపడాలని వాళ్ళు వేసిందే.

జర్మనీలో గార్షింగ్‌లో ఉన్న సూపర్ కంప్యూటర్ దాదాపు నెల రోజులు ఆ లెక్క చేసింది. డార్క్ మ్యాటర్‌కి బదులుగా వెయ్యి కోట్ల చుక్కలు పెట్టి ఒకదాన్నొకటి ఎంత లాగుతుందో అడుగడుగునా లెక్కేసుకుంటూ పోవడమే, ఒక్కో చుక్క బరువు సుమారు వంద కోట్ల సూర్యులంత, అంటే ఆ బొమ్మలో నక్షత్రం అన్నదే లేదు! గెలాక్సీలని తర్వాత వేరే లెక్కతో అందులో కూర్చోబెట్టారు.

అలాగని ఉత్తుత్తి బొమ్మ అనట్లేదు. విశ్వం మొదట్లో లక్షలో ఒక వంతు ఉండే హెచ్చుతగ్గులు ఇచ్చి వదిలేస్తే గ్రావిటీ దానంతటదే ఆ వల అల్లింది, నిజం టెలిస్కోపులు కొలిచిన గెలాక్సీలు కూడా అలాగే గుంపులు గుంపులుగా ఉన్నాయి, అసలు గొప్పతనం అక్కడుంది, మీరు ఫోటో అనేసరికి అదే ఎగిరిపోయింది.

ఇంకో మాట, 1941లో కంప్యూటర్లు లేనప్పుడు స్వీడన్‌లో హోల్మ్‌బర్గ్ అనే ఆయన 74 బల్బులని రెండు గెలాక్సీలుగా పేర్చి ఇదే పని చేశాడు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది కదా, గ్రావిటీ కూడా అంతే, అందుకని ఒక్కో బల్బు ఉన్నచోట ఎంత వెలుగు పడుతోందో కొలిచి దాన్నే లాగుడు అనుకుని బల్బులని కాస్త కాస్త జరుపుకుంటూ పోయాడు. నాకైతే మీ ఊదా బొమ్మ కన్నా ఇదే ముచ్చటేసింది.

2014లో వచ్చిన ఇలస్ట్రిస్ లాంటి సిమ్యులేషన్లలో గ్యాస్ కూడా కలిపారు, కానీ నక్షత్రం పుట్టడం వాటికీ అందనంత చిన్న సంగతి, అందుకే గ్యాస్ ఇంత చిక్కబడితే ఇన్ని పుట్టినట్టు అని రూల్ పెట్టుకుంటారు. బ్లాక్ హోల్ గ్యాస్‌ని వేడెక్కించి తోసేయడం అనేది లెక్కలో వేయకపోతే పెద్ద గెలాక్సీల్లో నక్షత్రాలు మరీ ఎక్కువ తయారైపోతాయి. ఏది కొలిచిందో ఏది అనుకున్నదో చదివేవాళ్ళకి తెలియాలిగా.

కాబట్టి ఈసారి బొమ్మ కింద 'కంప్యూటర్ సిమ్యులేషన్' అని రెండు ముక్కలు వేయండి, ఏ సంవత్సరందో కూడా.

ఇట్లు
మీ పాత పాఠకుడు