శనివారం మార్క్‌ల్యాండ్ డ్యామ్ దగ్గర చేపల వేట

అందరికీ నమస్తే. శనివారం పొద్దున్నే ఒహాయో నదిలో మార్క్‌ల్యాండ్ డ్యామ్ దిగువకి రెండు బోట్లు వెళ్తున్నాయి, వచ్చేవాళ్లు ఈ రాత్రికల్లా చెప్పండి. చలికి షాడ్ అనే చిన్న చేపలు నీరసపడి డ్యామ్ కింద పోగవుతాయి, వాటిని తినడానికి వెనకే హైబ్రిడ్ బాస్ (వైట్ బాస్, స్ట్రైప్డ్ బాస్ కలిసిన సంకరజాతి చేపలు) చేరతాయి, కాబట్టి సీగల్ పక్షులు ఎక్కడ నీళ్ల మీదికి దూకుతుంటే అక్కడ స్పూన్‌ని (చెంచాలా ఉండే లోహపు ఎరని) నిలువుగా అడుగుదాకా దించి మెల్లగా ఆడించాలి, ఎండాకాలంలోలాగా గబగబా లాగితే లాభం లేదు. పడిన బాస్‌కి పక్కన చారలు తెగితెగి ఉంటే అది సాధారణంగా హైబ్రిడ్డే. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ బోటు ఎక్కించను, ఎంత ఈత వచ్చినా సరే, ఆ నీళ్లలో పడితే నిమిషాల్లో చేతులు కొయ్యబారిపోతాయి. హెచ్చరిక బోర్డులు దాటి గేట్ల దగ్గరికి పోయేది లేదు, పెద్దవి అక్కడే ఉంటాయని బతిమాలొద్దు. ఫిషింగ్ లైసెన్స్ మర్చిపోకండి. పులిహోర నాది, టీ ఎవరైనా తెండి.