గడ్డ అనగానే క్యాన్సరేనా?

సంపాదకుల వారికి,

పన్నెండు రోజుల కిందట మీ మహిళా పేజీలో 'రొమ్ములో గడ్డా? తస్మాత్ జాగ్రత్త' అని ఎర్రక్షరాలతో వేసిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఇంత ఆలస్యం ఎందుకంటే, ఇన్నాళ్లూ మా ఇంట్లో ఆ వ్యాసం పెట్టిన మంట ఆర్పుకోవడానికే సరిపోయింది.

మా చెల్లెలి కూతురికి 22 ఏళ్లు. స్నానం చేస్తుంటే చేతికి ఏదో తగిలితే నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. మీ వ్యాసం చదివిన రాత్రి పదకొండింటికి నా గదిలోకి వచ్చి, గడియ పెట్టి, "పెద్దమ్మా, నేను చచ్చిపోతానా?" అంది. నా చెయ్యి తీసుకుని గడ్డ మీద పెట్టింది. రేగుపండంత ఉంది. వేలితో నొక్కితే నిలవదు, గోలీలా పక్కకి జారిపోతుంది.

'నొప్పి లేని గడ్డయితే అనుమానించాల్సిందే' అన్న వాక్యం కింద ఆ పిల్ల పెన్నుతో రెండు గీతలు గీసుకుంది. అది రాసినవారు ఫైబ్రోఎడినోమా పేరు ఎప్పుడైనా విన్నారా? 15 నుంచి 35 ఏళ్ల లోపు వాళ్లలో ఎక్కువగా కనిపించే గడ్డ అదే. క్యాన్సర్ కాదు. నున్నగా, రబ్బరు ముక్కలా ఉంటుంది, సాధారణంగా నొప్పి కూడా ఉండదు. నొప్పి ఉందా లేదా అన్నదాన్ని బట్టి మంచిదో చెడ్డదో తేల్చగలిగితే ఇన్ని పరీక్షలు ఎందుకండీ?

చెల్లెలు కంగారుపడి ఓ ప్రైవేటు ఆసుపత్రికి పరిగెత్తింది. స్కానింగ్ లేదు, సూది పరీక్ష లేదు. "పెళ్లి కావలసిన పిల్ల, ఎందుకొచ్చిన టెన్షన్, శుక్రవారం తీసేద్దాం" అన్నారట. పెళ్లికీ గడ్డకీ ఏం సంబంధమో ఆ మహానుభావుడికే తెలియాలి. గొలుసు తాకట్టు పెట్టబోతుంటే నేను అడ్డుపడి గుంటూరులో ఒక సర్జనమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ ముందు చేత్తో చూశారు, తర్వాత అల్ట్రాసౌండ్ రాశారు, ఆపైన సూదితో ముక్క తీసి పరీక్షకి పంపారు. "మూడూ ఒకే మాట చెబితేనే నమ్ముతానమ్మా" అన్నారు. మూడూ ఒకే మాట చెప్పాయి. ఆరు నెలల తర్వాత మళ్లీ స్కాన్, పెరిగితే ఆలోచిద్దాం, లేకపోతే దాని మానాన దాన్ని ఉండనివ్వండి అన్నారు.

ఈ మధ్యలో ఇంకో ఘోరం. స్కానింగ్ సెంటర్ వాళ్లు కవరులో పెట్టి ఇచ్చిన రిపోర్టు చివర 'బైరాడ్స్ 3' అని ఉంది. పిల్ల బస్సులో అది చదివి మూడో స్టేజీ అనుకుంది. తెనాలి వచ్చేదాకా కిటికీలోంచి మొహం తిప్పలేదు. తీరా చూస్తే అది స్టేజీ కాదు, స్కాన్‌కి వేసే గ్రేడు; దాదాపుగా ప్రమాదం లేని గడ్డ, కాస్త గమనిస్తూ ఉండండి అని దాని అర్థం. క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతం లోపేనట! ఆ ముక్క తెలుగులో ఒక్క వరుస రాస్తే వాళ్ల మిషన్ అరిగిపోతుందా? బస్సు బోర్డుకి తెలుగు ఉంది, ప్రాణం మీదకి వచ్చే కాగితానికి లేదు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని, నా మాట ఎవరు వింటారు లెండి.

మీ వ్యాసంలో నీటి తిత్తుల ఊసే లేదు. నాకు 46వ ఏట అలాంటిదే వచ్చింది. డాక్టరు సూది పెట్టి లాగితే సిరంజిలోకి ఆకుపచ్చటి నీరు వచ్చింది, బల్ల దిగేసరికి గడ్డ లేదు. నెలసరి ముందు గట్టిపడి తర్వాత మెత్తబడేవి, దెబ్బ తగిలి కొవ్వు గట్టిపడేవి, బాలింతలకి పాలు గడ్డకట్టి జ్వరం తెప్పించేవి, ఇన్ని రకాలున్నాయి. పైగా 'ప్రతి మహిళా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చేయించుకోవాలి' అని సలహా! చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి ఆ ఎక్స్‌రేలో గడ్డ సరిగా కనపడదనీ, వాళ్లకి ముందు అల్ట్రాసౌండే చేస్తారనీ ఒక్క డాక్టరుకి ఫోన్ చేసినా చెప్పేవారు.

భయపెట్టొద్దంటున్నానని గడ్డని వదిలేయమనడం లేదు. ఏ వయసులో ఏ గడ్డ తగిలినా చూపించుకోవాల్సిందే. రాయిలా గట్టిగా ఉండి కదలకపోయినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం వచ్చినా, నెలసరి ఆగిపోయాక కొత్తగా గడ్డ కనిపించినా రేపటిదాకా ఆగకూడదు. మీ వ్యాసంలో ఇవి రెండు వరుసల్లో, అదీ చిన్నక్షరాల్లో ఉన్నాయి.

చూపించుకోవడం ఎక్కడ అన్నది వేరే కథ. 30 దాటిన ఆడవాళ్లకి ఆరోగ్య సిబ్బంది రొమ్ము పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమమే ఉంది. మా వీధికి వచ్చిన అమ్మాయి బీపీ చూసి, షుగరు చూసి, రొమ్ము పరీక్ష చేయకుండానే ఆ మూడో గడిలో కూడా టిక్కు కొట్టుకుని వెళ్లిపోయింది. ఆ అమ్మాయిని అనను. చేతిలో ఫోను, అందులో నాలుగు యాపులు, సాయంత్రానికి ఫొటోలు పంపకపోతే మెమో. పరీక్ష చేయడానికి తలుపున్న గది ఒకటి ఇచ్చారా అని పై అధికారుల్ని అడగాలి. అక్టోబరు వస్తే మాత్రం గులాబీ రిబ్బన్లు కట్టుకుని ఫ్లెక్సీ ముందు వరసగా నిలబడతారు, అందులో సగం మగవాళ్లే.

చివరగా ఒక్క మాట. ఆ వ్యాసం పక్కనే 'ఎలాంటి గడ్డలైనా ఆపరేషన్ లేకుండా 40 రోజుల్లో కరిగిస్తాం' అన్న ప్రకటన వేశారు. ఎడమ పక్క భయం, కుడి పక్క మందు, బాగా కుదిరింది. వ్యాసానికి సవరణ వేస్తారేమోనని రోజూ అదే పేజీ తిప్పుతున్నాను. నిన్న ప్రకటన మళ్లీ వచ్చింది, ఫోన్ నంబరు మాత్రం మారింది.

- ఒక విశ్రాంత తెలుగు పండితురాలు, తెనాలి