ఐసు పెట్టె వంచేసిన ఆ చేపలమ్మకి దండాలు

మా తమ్ముడు ఈ పొద్దున తన పేరూ, ఊరి పేరూ తడబడకుండా చెప్పాడు. రెండు రాత్రులుగా నాకు నిద్ర లేదు. అయినా ఇది ఇప్పుడే రాయాలి.

శుక్రవారం తొమ్మిదిన్నరకి, కళింగపట్నం రోడ్డు మీద ఆర్మీ 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేస్తూ వాడు తూలి పడిపోయాడు. సంబంధం లేని మాటలు మొదలయ్యాయి. ఒళ్లు పెనంలా ఉంది, చెమట మాత్రం కారుతూనే ఉంది. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదనుకున్నారు తోటి కుర్రాళ్లు. చాలామంది పొరబడేది ఇక్కడే. పరుగులో తగిలే వడదెబ్బకి చెమట ఆగాలనేం లేదు. ఒళ్లు 104 డిగ్రీలు దాటి మాట తడబడితే, అదే వడదెబ్బ.

ఆటోలో చేపలు వేసుకుని వెళ్తున్న ఒకావిడ బండి ఆపించి దిగింది. అందరూ వాణ్ని ఆటో ఎక్కించబోతుంటే అడ్డుపడింది. "ఓలమ్మా, ముందల గుంటడి ఒల్లు సల్లారనీయండి, బండి తరవాత!" పెద్ద డాక్టర్లు చెప్పేదీ అదే: ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. మొదటి అరగంట దాటితే మెదడూ, కిడ్నీలూ దెబ్బతినొచ్చు.

వాణ్ని సరుగుడు నీడకి లాగించి, ఒంటి మీది నైలాన్ జాకెట్టు విప్పించింది. చేపల్ని రోడ్డు పక్క గోనె మీద కుమ్మరించి, ఐసంతా బోరింగు నీళ్ల బకెట్లో వేసింది. తువ్వాళ్లు అందులో ముంచి తల మీద, ఛాతీ మీద, తొడల మీద పరిచింది. రెండు మూడు నిమిషాలకోసారి మార్చింది, ఎందుకంటే గుడ్డ వేడెక్కాక ఇక చల్లబరచదు. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐసు మూటలు పెట్టింది. ఎవరో నోట్లో నీళ్లు పొయ్యబోతే చెయ్యి తోసేసింది. స్పృహ సరిగా లేనివాడికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆసుపత్రిలో చూసేసరికి ఒంటి వేడి 102కి దిగింది.

అంబులెన్సు వచ్చేదాకా వాడి తల ఆవిడ ఒళ్లోనే ఉంది. అప్పటికి చేపలు పాడైపోయాయి. డబ్బులివ్వబోతే ఖాళీ పెట్టెకి తాడు కట్టుకుంటూ, "గుంటడు పొద్దున ఏటైనా తిన్నాడా?" అని అడిగింది. తినలేదు. ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు. పేరు అడిగేలోపే వెళ్లిపోయింది.

అమ్మ, అక్క, బావ ఆసుపత్రిలోనే ఉన్నారు. వాళ్లకి దండాలు వేరే చెప్పక్కర్లేదు.

పరుగు వాడికి గుండె బలం ఇచ్చింది, పొద్దున్నే లేచే అలవాటు ఇచ్చింది, మానమని అనను. కానీ ఫీజు కట్టించుకున్న శిక్షణవాళ్లు బరువు తగ్గడానికి నైలాన్ జాకెట్టు వేసుకోమన్నారు. తగ్గేది నీరే, కొవ్వు కాదు. మన తీరంలో గాలి తడి. చెమట ఆరదు, కారుతుంది. ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. జాకెట్టు వేస్తే ఆ కాస్తా పోయింది. ఎండకి ఒళ్లు అలవాటుపడాలంటే రోజూ కొంచెం కొంచెం పెంచుతూ పది, పద్నాలుగు రోజులు పడుతుంది. పరుగుకి ముందూ తర్వాతా తూకం చూసుకోండి. కిలో తగ్గితే లీటరుంపావు నుంచి లీటరున్నర దాకా నెమ్మదిగా తాగాలి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లకి, గ్లాసుకి కాదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు నొప్పి మాత్రలు వేస్తే కిడ్నీల మీద పడుతుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం ప్రాంతం మన జిల్లాలోదే, మనకి ఇది మరీ ముఖ్యం. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, కండరాలు కరుగుతున్నాయనడానికి అది గుర్తు కావచ్చు.

ఇంకో మాట. మన జిల్లా కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో కంచు పతకం తెచ్చిందని ప్రతి సభలోనూ చెప్పుకుంటాం. మా దగ్గర గ్రౌండుకి మాత్రం వేసవి అంతా తాళం. నీడా, కుళాయీ ఉన్నది లోపల. పిల్లలు పరిగెత్తేది లారీల పక్కన, కరిగే తారు మీద. ఎన్ని అర్జీలు పెట్టినా "చూస్తాం" అనే మాటే.

మర్చిపోయాను, బేరం వదులుకుని గంట సేపు నిలబడ్డ ఆటో అన్నకి, తువ్వాళ్లు ఇచ్చిన కొబ్బరిబోండాల తాతకి, రాత్రంతా మూత్రం కొలిచి రాసిన నర్సమ్మకి కూడా దండాలు. అట్టముక్కతో విసిరిన చిన్న పిల్లాడికీ. కళింగపట్నం వైపు ఆవిడ ఎవరికైనా తెలిస్తే చెప్పండి, కొత్త ఐసు పెట్టె కొని ఉంచాను.