మూత్రంలో మంటను ‘వేడి’ అని వదిలేయవద్దు

సంపాదకుల వారికి,

ఎండాకాలంలో ఎవరైనా మూత్రంలో మంట అనగానే మన ఇళ్లలో వినిపించే మొదటి మాట ‘వేడి చేసింది’. ఆ వెంటనే బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, కొబ్బరి బోండాలు వస్తాయి. నీళ్లు తక్కువై మూత్రం చిక్కబడినప్పుడు కాస్త మంట పుట్టడం, నీళ్లు తాగితే త్వరలోనే తగ్గడం నిజమే. అయితే మంటతోపాటు మాటిమాటికీ వెళ్లవలసి రావడం, వెళ్లినా నాలుగు చుక్కలే పడటం, పొత్తికడుపు నొప్పి, మూత్రం మడ్డిగా రావడం ఉంటే ఇన్ఫెక్షన్ అని అనుమానించాలి. రక్తం కనిపిస్తే మంట లేకపోయినా వైద్యునికి చూపించవలసిందే.

మధుమేహం ఉన్న మా అమ్మగారికి మేమూ నాలుగు రోజులు బార్లీ నీళ్లే పట్టించాము. వణుకుతో జ్వరం, పక్కటెముకల కింద వెన్నువైపు నొప్పి, వాంతులు మొదలైన తరువాత గాని ఆసుపత్రికి తీసుకువెళ్లలేదు. అప్పటికే ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకింది. మాత్రలతో పోవలసిన జబ్బుకు ఆమె వారం రోజులు ఆసుపత్రి మంచం మీద ఉండవలసి వచ్చింది. ఈ మూడు లక్షణాల్లో ఏది కనిపించినా మరునాటి దాకా ఆగకూడదని మాకు ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

స్త్రీలలో మూత్రం బయటికి వచ్చే నాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే కావడం, అది మలద్వారానికి దగ్గరగా ఉండటం వల్ల పేగుల్లో ఉండే ఇ.కోలై బ్యాక్టీరియా సులువుగా లోపలికి చేరుతుంది. ఇది శరీర నిర్మాణం వల్ల వచ్చే ఇబ్బందే తప్ప ఎవరి తప్పూ కాదు. కొత్తగా పెళ్లయిన అమ్మాయిలు సిగ్గుపడి నెలల తరబడి దాచుకోవడం చూస్తే బాధ కలుగుతుంది. గర్భిణులలో ఏ లక్షణమూ లేకుండానే ఇన్ఫెక్షన్ ఉండవచ్చు కనుక మూత్ర పరీక్షను వారు వాయిదా వేయకూడదు. పురుషులు, మధుమేహులు, కారణం తెలియని జ్వరం వచ్చిన పసిపిల్లలు కూడా ఇంటి వైద్యంతో ఆగకూడదు.

మందుల షాపులో అడిగి రెండు రోజులు యాంటీబయాటిక్ మింగి, మంట తగ్గగానే మానేయడం మరో ప్రమాదం. వైద్యుని చీటీ లేకుండా వీటిని అమ్మరాదు. కొన్నిటికైతే 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 (అమ్మకంపై గట్టి నిఘా ఉండే మందుల జాబితా) కింద రోగి పేరు, వైద్యుని పేరు రిజిస్టరులో రాసి 3 ఏళ్లు భద్రపరచాలి. ఔషధ నియంత్రణ అధికారులు ఆ రిజిస్టర్లను తనిఖీ చేయాలని, ఏ బ్యాక్టీరియా ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే కల్చర్ పరీక్షకు మూత్రం ఇచ్చిన తరువాతే యాంటీబయాటిక్ మొదలుపెట్టడం మంచిదన్న సంగతిని ఆశా కార్యకర్తల ద్వారా ఇంటింటికీ తెలియజేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, తెనాలి