తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి ఒక తండ్రి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

మావాడు ఇంటర్‌లో ఉండగా సంక్రాంతి తర్వాత నిద్ర మానేశాడు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికేవాడు. కాలేజీలో అడిగితే "పరీక్షల టెన్షన్, సర్దుకుంటాడు" అన్నారు. ఒక ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్తే పెద్దవాళ్ల వరుసలోనే మూడు గంటలు నిలబెట్టి, ఐదు నిమిషాల్లో మాత్రలు రాసి పంపేశారు. పిల్లలతో మాట్లాడే కౌన్సిలర్ లేరట. చివరికి బెంగళూరు బస్సెక్కాం. ఇప్పుడు కుదుటపడ్డాడు. నాకు ఉద్యోగం ఉంది కాబట్టి వెళ్లగలిగాను. రోజుకూలీల సంగతేంటి?

నేను దయ అడగడం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ఈ వైద్యాన్ని హక్కు చేసింది. పిల్లలకు విడిగా సేవలుండాలని కూడా అందులోనే ఉంది. విశాఖలో నీట్ కోచింగ్‌కు వెళ్లి చనిపోయిన అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు పైగా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒక్కరైనా ఉండాలంది. అమలును చూసే జిల్లా కమిటీకి అధ్యక్షత కలెక్టర్‌దే అంది.

ఆ కమిటీ మన జిల్లాలో ఎన్నిసార్లు కూర్చుంది సార్? ఏ హాస్టళ్లు చూసింది?

మానసిక సమస్యలకు ప్రభుత్వ ఫోన్ సాయం, టెలీ మానస్ 14416 ఉందంటారు. మంచిదే, ఉచితం, రాత్రిపూటా పలుకుతుంది. కానీ మావాడి హాస్టల్లో పిల్లల ఫోన్లు వార్డెన్ బీరువాలో ఉండేవి. గోడమీద నంబరు చూసి ఏం చేస్తారు?

కౌన్సిలర్లున్న కాలేజీల జాబితా కలెక్టరేట్ నోటీసు బోర్డులో పెట్టించండి. సోమవారం అర్జీతో నేనే వస్తాను.

ఇట్లు,
తిరుపతి వాసి