మా పసిబిడ్డ మందులకు సాయం చేసిన అందరికీ

మా బడిలో చదువుకున్న అమ్మాయి బిడ్డ నిన్న ఇంటికి వచ్చింది. ఇప్పుడు బరువు 1,840 గ్రాములు. పుట్టినప్పుడు 1,120. ఈ కబురు ముందు మీకే చెప్పాలి, అందుకే రాస్తున్నాను.

ఏడో నెలలోనే కాన్పు అయింది. తండ్రి పట్నంలో మేస్త్రీ దగ్గర కూలి పని చేస్తాడు. బిడ్డకు ఊపిరి అందడం లేదని జిల్లా ఆసుపత్రి నుంచి 108లో పట్నంలోని ప్రభుత్వ ఆసుపత్రికి పంపారు. అక్కడ పడక, వెంటిలేటర్ అన్నీ ఉచితమే. కానీ ఆ రాత్రి సర్ఫాక్టెంట్ అనే మందు స్టాకులో లేదన్నారు. "మేడమ్, మందు బయట తెమ్మంటున్నరు, ధర ఇంటే కాళ్లు చేతులు ఆడుతలేవు" అని అమ్మాయి అత్తమ్మ నాకు ఫోన్ చేసింది.

నెలలు నిండని బిడ్డల ఊపిరితిత్తుల్లో, గాలి వదిలినప్పుడల్లా లోపలి గాలి గదులు అతుక్కుపోకుండా కాపాడే పూత సరిగ్గా తయారై ఉండదు. ఆ పూత చేసే పనిని ఈ మందు చేస్తుంది. గొట్టంతో నేరుగా ఊపిరితిత్తుల్లోకి ఇస్తారు. అవసరమైన బిడ్డకు తొలి గంటల్లోనే పడితే మంచిది. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన మందు, పైగా అన్ని షాపుల్లో పెట్టరు. చిన్న సీసానే, కానీ దాని ధర ఆ తండ్రి నెల సంపాదనకు దగ్గరగా ఉంది.

పాత విద్యార్థుల గ్రూపులో నేను రెండు లైన్లు పెట్టాను. తెల్లవారేలోపు మందు వార్డులో ఉంది. కువైట్‌లో డ్రైవర్‌గా ఉన్న మా విద్యార్థి అందరికంటే ముందు డబ్బు వేశాడు. పట్నంలో ఉండే ఇంకొక అబ్బాయి తెరిచి ఉన్న షాపు దొరికేదాకా తిరిగి, ఐస్ డబ్బాలో పెట్టుకుని బండి మీద తెచ్చాడు. నాయనా, మీ ఇద్దరికీ ఏమని చెప్పను! ఆ రాత్రి ఆలస్యం అయి ఉంటే ఈ పోస్టు ఇలా రాయగలిగేదాన్ని కాదు.

బిడ్డ కాస్త తేరుకుంది అనుకునేలోపు రక్తంలో ఇన్ఫెక్షన్ మొదలైంది. ఏ క్రిమి వల్లో తేల్చే కల్చర్ పరీక్షలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా అని వచ్చింది. మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ రోజుకు మూడు పూటలు పడాలి. ఇక్కడ మా మండలం మెడికల్ షాపు అన్నకు ప్రత్యేకంగా దండం పెట్టాలి. చాలా జెనెరిక్ ఇంజెక్షన్లకు సీసా మీద అచ్చేసిన ఎంఆర్‌పీకీ షాపు కొన్న ధరకూ మధ్య పెద్ద తేడా ఉంటుందని ఆయనే విప్పి చెప్పాడు. తను కొన్న ధరకే, ఒక్క రూపాయి లాభం లేకుండా బిల్లు రాసి, సాయంత్రం బస్సు డ్రైవర్ చేతికిచ్చి పట్నం పంపాడు. తన లాభం వదులుకోవడమే కాదు, మా కళ్లు కూడా తెరిపించాడు.

ఆసుపత్రి ఆర్ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గారికి కూడా కృతజ్ఞతలు. స్టాకు లేని మందును ఆసుపత్రే బయట కొనే వీలుందని వార్డులో ఒక సిస్టర్ చెబితే, వెళ్లి అడిగాం. ఆయన లోకల్ పర్చేజ్ కింద రాయించారు, మిగతా డోసులు అలాగే వచ్చాయి. ఇది చదివే వాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను: 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద జబ్బు పడిన పసిబిడ్డలకు ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు, పరీక్షలు, రక్తం, రవాణా ఉచితం. మొదట 30 రోజుల వరకే ఉండేది, తర్వాత ఏడాది వయసు దాకా పెంచారు. కాబట్టి బయట కొనమని చీటీ ఇస్తే, ముందు ఆర్ఎంఓ దగ్గరికి వెళ్లి అడగండి. అడగడం తప్పు కాదు. పేదవాళ్లు అడగడానికే భయపడతారు, నా బాధంతా అదే.

మహిళా సంఘం అక్కలు కూలి డబ్బుల్లోంచి తలా యాభై, వంద వేశారు. రక్తం ఎక్కించాల్సి వచ్చినప్పుడు ఓ నెగటివ్ ఇచ్చిన తమ్ముళ్లు కనీసం టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. తన పాలు పిండి బిడ్డకు ఎలా పట్టాలో, బిడ్డను గుండెకు ఎలా అదుముకోవాలో అమ్మాయికి ఓపికగా నేర్పిన సిస్టర్లు, రాత్రిళ్లు అత్తమ్మకు తమ దుప్పటి ఇచ్చిన ఆయమ్మలు... మీ పేర్లు ఇక్కడ రాయడం లేదు గానీ అమ్మాయి ఒక్కరినీ మరచిపోలేదు.

లెక్క చెప్పాలి. మొత్తం 48,650 రూపాయలు వచ్చాయి. మందులు, పరీక్షలు, ఇద్దరి భోజనాలు, ఇంటికి బండి కలిపి 37,200 ఖర్చు. బిల్లుల ఫొటోలు గ్రూపులో ఉన్నాయి. మిగిలిన 11,450 మిమ్మల్ని అడిగాకే పక్క పడకలోని బిడ్డ మందులకు ఇచ్చాం. ఆ తల్లిదండ్రులు ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికి వచ్చినవాళ్లు. ఇక్కడ వాళ్లకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. మీలో ఒక్కరు కూడా వద్దనలేదు.

బిడ్డకు వచ్చే వారం కంటి రెటీనా పరీక్ష ఉంది. ఇలా బాగా ముందుగా, తక్కువ బరువుతో పుట్టిన వాళ్లకు అది తప్పనిసరి, ప్రభుత్వ ఆసుపత్రిలోనే చేస్తారు. ఇక డబ్బు పంపకండి. పేరు లేకుండా ఫోన్‌పేలో వేసినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, దయచేసి నాకొక మెసేజ్ పెట్టండి. అమ్మాయి మీతో మాట్లాడాలంటోంది.