దేవకన్య మాటలు కాస్త విననివ్వండి బాబూ

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

రీరిలీజ్ అనగానే మీ పేపర్లో కలెక్షన్లు, కటౌట్లు, పాలాభిషేకాలు అన్నీ వేస్తున్నారు గానీ టికెట్ కొనుక్కుని లోపలికెళ్ళినోళ్ళకి అసలు సినిమా కనపడిందా, వినపడిందా అన్నది మాత్రం ఎవరూ రాయట్లేదండి, అందుకే ఈ ఉత్తరం.

2025 మే 9న జగదేకవీరుడు అతిలోకసుందరి మళ్ళీ వేశారు కదండీ, 3డీలో కూడా. 1990లో అదే తారీఖున, ఓ పక్క తుఫాను తీరం దాటుతుంటే రిలీజైన సినిమా అది. అంత వానలోనూ జనం హాళ్ళకెళ్ళారని మా అత్తగారు ఇప్పటికీ చెప్తారు. సరే ఆవిడకి మళ్ళీ చూపిద్దామని మా పక్క టౌన్లో ఓ హాలుకి తీసుకెళ్ళాం, పేరెందుకు లెండి. టైటిల్స్ దగ్గర్నుంచీ ఒకటే కాయితాలు, ఈలలు, స్క్రీన్ ముందు డాన్సులు, సెల్‌ఫోన్ లైట్లు. శ్రీదేవి మానససరోవరానికి దిగొచ్చి ఇళయరాజా పాట ఎత్తుకునేసరికి మాకు కనపడినవి కుర్రాళ్ళ వీపులేనండి. ఇంటర్వెల్‌కే అత్తగారు "పదమ్మా, టీవీలో ఎప్పుడైనా వేస్తే చూసుకుందాం" అని లేచిపోయారు.

కుర్రాళ్ళ సరదాని తప్పుపట్టట్లేదండోయ్. చిరంజీవిది మొగల్తూరు, మనోడికి మనం ఈలెయ్యకపోతే ఎవరేస్తారు. ఫైట్లు, స్టెప్పుల సినిమా అయితే గోలలోనే మజా అనుకోవచ్చు. కానీ ఇది దేవకన్యకీ మామూలు మనిషికీ మధ్య ప్రేమకథ, అదంతా మాటల్లోనే నడుస్తుంది కదా. ఇంద్రుడి కూతురికి మన లోకం పద్ధతులేవీ తెలియవు, చిరంజీవి వేసిన రాజు చూస్తే నలుగురు అనాథ పిల్లల్ని పెట్టుకుని బతుకుతున్న టూరిస్ట్ గైడు, ఆవిడ పై నుంచి మాట్లాడుతుంటే ఈయన కింద నుంచి సమాధానం చెప్తుంటాడు, నవ్వంతా అక్కడే ఉంది, ఆవిడ పొగరు మెల్లిమెల్లిగా కరగడం కూడా అక్కడే ఉంది. ఆ మాటలు రాసింది ఎవరండీ, మన నరసాపురంలో పుట్టిన జంధ్యాల గారు. అందులో నవ్వించిన అల్లు రామలింగయ్య గారిది పాలకొల్లు. మూడూళ్ళూ పొద్దున ఆటో ఎక్కితే భోజనాల వేళకి చుట్టేసి వచ్చేయొచ్చు. అలాంటిది మన డెల్టాలోనే ఆ మాటలు వినపడకపోతే ఎలాగండీ?

దేవకన్య మనిషిని ప్రేమించడం మనకి కొత్తేం కాదులెండి, ఊర్వశి పురూరవుల నాటి నుంచీ ఉన్నదే. 1961లో వచ్చిన జగదేకవీరుని కథలోనూ ఇంద్రుడి కూతురే, అక్కడ ఎన్టీఆర్ ఆవిడ వస్త్రం దాచేస్తాడు, ఇక్కడ దేవకన్య ఉంగరం జారిపోతుంది. పైకి ఒకలాగే ఉంటాయి గానీ నాకు ఈ ఉంగరం కథే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే ఆయన కావాలని దాచాడు, ఈ రాజుకి తనకి దొరికింది ఎవరి ఉంగరమో కూడా తెలియదు పాపం. ఆవిడ వచ్చింది ఉంగరం కోసం, ఆ సంగతి ఇతనికి తెలియదు, అంటే ఇక్కడ దాపరికం అంతా దేవకన్యదే అన్నమాట. ఇలాంటి తేడాలు మా పిల్లలకి చెప్పి చూపిద్దామనుకుంటే పక్కవాడి బూర శబ్దానికి నా గొంతే నాకు వినపడలేదు.

ఇక గోలతో పోతే పర్లేదు, 2022లో తాడేపల్లిగూడెంలో బిల్లా రీరిలీజ్ అప్పుడు హాల్లో టపాసులు కాల్చి సీట్లు తగలబెట్టుకున్న సంగతి మీ అందరికీ తెలిసిందే. అప్పుడు నాలుగు రోజులు అందరూ మాట్లాడారు, తర్వాత మామూలే. థియేటర్‌కి లైసెన్స్ ఇచ్చే అధికారులు టపాసులు లోపలికి రానిచ్చిన హాలుని ఒక్క వారం మూయించి చూడండి, మిగతావాళ్ళు గేటు దగ్గరే జేబులు తడిమి పంపిస్తారు.

భీమవరం, అమలాపురం, పాలకొల్లు హాళ్ళ ఓనర్లకి నా రిక్వెస్ట్ ఒకటే. మొదటి రోజు షోలన్నీ ఫ్యాన్స్‌కే ఇచ్చేయండి, ఎగరనివ్వండి. రెండో రోజు నుంచి ఒక్క మ్యాట్నీ మాత్రం కాయితాలు, బూరలు లేకుండా, సౌండ్ సరిగ్గా పెట్టి వెయ్యండి, ఆ సంగతి పోస్టర్ మీదే రాయండి. ముసలాళ్ళు, పిల్లలున్నోళ్ళు ఆ షోకే వస్తారు, క్యాంటీన్లో మీకు సమోసాలూ అమ్ముడవుతాయి. ఈలెయ్యాలనుకునేవాళ్ళు ఫస్ట్ షోకి వెళ్తారు, ఎవరికీ నష్టం లేదు. అసలే మన టౌన్లలో హాళ్ళు ఒక్కోటీ కల్యాణమండపాలు అయిపోతున్నాయి, ఫ్యామిలీలు కూడా రావడం మానేస్తే ఇక ఎవరికేస్తారండీ సినిమా?

ఎడిటర్ గారూ, మీరు చెయ్యాల్సింది కూడా ఒకటుంది. ఈసారి ఏదైనా పాత సినిమా వచ్చినప్పుడు కలెక్షన్ల వార్త పక్కనే ఏ ఊళ్ళో ఏ హాల్లో గోల లేని షో ఉందో, ఎన్నింటికో, ఒక్క లైను వెయ్యండి.

ఇట్లు
మీ పాఠకురాలు,
పాలకొల్లు దగ్గర పల్లెటూరు